పెట్ట పంతం

మా పెరట్లో నా అంత పంతం ఉన్న కోడిపెట్ట ఇంకోటి లేదు. పన్నెండు గుడ్లు పొదుగుతున్నాను. పక్క గంపలో ఉండే బాతు రోజూ, "వదినా, కాసేపు నేను కూర్చుంటాను, నువ్వెళ్లి నాలుగు గింజలు తినిరా," అనేది.

"నా పిల్లల్ని నేను పొదుక్కోలేనా?" అని మెడ తిప్పేసుకునేదాన్ని.

ఇరవయ్యో రోజు దాహం ఆగక నీళ్లతొట్టి దాకా పరిగెత్తాను. కళ్లు తిరుగుతుండగానే వచ్చి బుట్టలో కూర్చుని, రెక్కలు పరుచుకుని, సాయంత్రం దాకా కదల్లేదు.

"వదినా, అవి ఉల్లిపాయలు," అంది బాతు. చూస్తే నా గుడ్లన్నీ దాని పొట్ట కింద వెచ్చగా ఉన్నాయి.

"రేపు కూడా కాస్త కూర్చుంటావా?" అని అప్పుడు అడిగాను, నోరు పెగుల్చుకుని.

పన్నెండూ పిల్లలయ్యాయి. "అన్నీ నువ్వొక్కదానివే పొదిగావా?" అని ఎవరైనా అడిగితే నిజమే చెబుతాను. నేనొక్కదాన్నే పొదిగినవి మొన్న పులుసులో పడ్డాయి.