శుక్రవారం అద్దె అడిగిన తలుపు

ట్యాంకు కడిగించాలి, లిఫ్టు బాగు చేయించాలి, ఒకటో తారీఖున అద్దెలన్నీ వచ్చేలా చూడాలి. గాజువాకలో ఆ ఆరంతస్తుల భవనానికి మేనేజరుగా చేరినప్పుడు ఓనరు నాకు చెప్పిన పనులివి. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. చెప్పిన పని శ్రద్ధగా చేసేవాణ్ణి.

నిజానికి అద్దె వసూలు చేసేది తలుపులే. ఒకటో తారీఖున అద్దె కట్టకుండా బయటికెళ్లినవాళ్లను అవి మళ్లీ లోపలికి రానివ్వవు.

ఒక నెల ఒకటో తారీఖు శుక్రవారమైంది. మా భవనంలో అద్దెకుండే సన్యాసమ్మ చిక్కుడుకాయలు కొనుక్కొస్తే, తలుపు ఆమెను అద్దె అడిగింది.

"శుక్రారం పూట లచ్చిమిని బయటికి పంపుతారేటి? రేపిస్తాను, తియ్యి" అందామె తలుపుతో.

తలుపు కదల్లేదు.

"ఫోన్లో డబ్బులున్నాయి కదా అత్తా, కట్టీ" అన్నాను.

"ఉన్నాయి బాబూ. మీయమ్మ ఇస్తాదేటి ఈయేళ?"

మా అమ్మ చచ్చినా ఇవ్వదు.

సన్యాసమ్మ మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీయసాగింది. అద్దె కట్టని పక్కవాటాల ఆడవాళ్లూ వచ్చి ఆమె పక్కనే కూర్చున్నారు. తెల్లవారాక అందరూ కట్టి లోపలికెళ్లారు.

శుక్రవారం అద్దె అడగొద్దని తలుపులకు చెబుదామని ఓనరుతో అంటే, "రూలు మార్చేది లేదు" అన్నాడు.

"అయితే వేరే మేనేజర్ని చూసుకోండి" అన్నాను.

దాంతో రూలు మార్చడానికి ఆయన ఒప్పుకున్నాడు. ఒకటో తారీఖు మంగళవారమో శుక్రవారమో అయితే ముందురోజే అడగమని తలుపులకు నేర్పాను. అప్పటినుంచి ఒక్క అద్దె ఆగలేదు. ఇప్పుడు ఊళ్లో తలుపులన్నీ అలాగే అడుగుతున్నాయి.

మీ తలుపు గురువారమే అద్దె అడిగితే, విసుక్కోకుండా సన్యాసమ్మను ఒక్కసారి తలుచుకోండి.