తుప్పు ముక్క

"జెర ఆగు బిడ్డా. ఆ టాకాలెందుకు గీకుతున్నవ్?"

గ్రైండర్ మోతలో చిన్నరాములుకు ఆ మాట వినపడలేదు. వినపడింది అతని పెళ్లాం మొగులమ్మకే.

షెడ్డు ముందు ఎవరో ముసలాయన. భుజాన తువ్వాల, చేతిలో సంచి. బస్సులో పోతుంటే షెడ్డులో ఉన్న ఈ పాత కారు కనపడిందట. ఇస్నాపూర్‌లో దిగేశాడట.

కారు చూడ్డానికి బస్సు దిగేవాళ్లుంటారా?

మొగులమ్మ చంకలో బిడ్డను సర్దుకుంటూ, కింద పడున్న పానాలను కాలితో లోపలికి నెట్టింది. బొంబాయి రోడ్డు పక్కన షెడ్డాయె, ఇనుము ఏరుకుపోయేవాళ్లకు కొదవా?

మంచినీళ్లడిగితే మాత్రం ఇచ్చింది.

చిన్నరాములు గ్రైండర్ ఆపాడు. కారు నేల రేకులు విప్పి ఉన్నాయి. కింద, కారు బరువంతా మోసే ఛాసిస్, రెండు పొడుగాటి ఇనుప దూలాలు. ఎడమ దూలం నడుమ, కుట్లు వేసినట్టు అక్కడక్కడ వెల్డింగ్ టాకాలు వేసిన, తుప్పు తిన్న పాత అతుకు ఒకటి.

"సూడు తాతా, చేతులు వణికేటోడెవడో అతికిండు. ఈడో టాకా, ఆడో టాకా. నేనైతే ఈ కొస నుంచి ఆ కొసకు ఒకటే గీత గుంజుత."

అట్ల గుంజితే చల్లారేటప్పుడు ముడుచుకుంటది బిడ్డా, అన్నాడు ముసలాయన.

"ముడుచుకునేటందుకు అది నీ తువ్వాలనా తాతా, ఇనుము."

ముసలాయన గ్లాసు తిరిగిచ్చి, ఎదురుగా ఉన్న టీ కొట్టు వైపు పోయాడు.

చిన్నరాములు పాత అతుకును కోసి కుప్పలోకి విసిరేశాడు. కొత్త ఇనుప పట్టీ పెట్టి, ఊపిరి బిగబట్టి, ఒకటే వెల్డింగ్ గీత గుంజాడు. మల్లెదండ పరిచినట్టు వచ్చింది. మొగులమ్మ కూడా మురిసిపోయింది.

షెడ్డు పెట్టాక దొరికిన మొదటి పెద్ద పని ఇది. కారు త్రినాథరావుగారిది. కోస్తా నుంచి ఫ్యాక్టరీ కొలువుకొచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాయన. పని నచ్చితే ఎరిగినవాళ్ల బండ్లన్నీ ఇటే పంపిస్తానన్నాడు.

నచ్చకపోతే చిన్నరాములు మళ్లీ మునుపటి మందుల కంపెనీ ఘాటులోకే పోవాలి. అక్కడ పట్టిన దగ్గు ఇంకా వదల్లేదు. అతను దగ్గినప్పుడల్లా నిద్రలో ఉన్న బిడ్డ ఉలిక్కిపడుతుంది. బిడ్డ ఉలిక్కిపడినప్పుడల్లా మొగులమ్మ లేచి కూర్చుంటుంది.

గీత చల్లారింది.

ఎడమ తలుపు వేయబోతే పడలేదు.

చిన్నరాములు తోశాడు. భుజంతో గుద్దాడు. వంగి చూశాడు. దూలం కొసలు రెండూ పైకి లేచి, నడుమ కుంగింది. సుత్తె అందుకున్నాడు.

సుత్తె పడితే ఉన్నది కూడా పోతుందని మొగులమ్మకు తెలుసు. బిడ్డనెత్తుకొని రోడ్డు దాటింది. ఇందాక ఎవరిని చూసి పానాలు దాచిందో, ఆయన ముందే నిలబడింది.

"తాతా, జెర రా. అది నిజంగనే ముడుచుకున్నది."

ముసలాయన రెండో టీ సగంలో వదిలి లేచాడు.

దూలం నడుమ కింద జాకీ పెట్టించాడు. తలుపు ఖాళీకి అడ్డంగా రాడ్డు బిగించమన్నాడు, ఇంకెటూ కదలకుండా. తర్వాత ఆ అందమైన గీతను చూపించి, కోసెయ్యమన్నాడు.

చిన్నరాములు కోశాడు. కోసినంతసేపూ పెళ్లాం వైపు చూడలేదు.

ఈసారి వెల్డింగ్ హోల్డర్ ముసలాయనే పట్టాడు. ఈ కొసన చిన్న టాకా. లేచి నడిచి, ఆ కొసన ఇంకో టాకా. అరచెయ్యి దగ్గరగా పెట్టి చూస్తూ, వేడి తగ్గేదాకా కూర్చుని, మళ్లీ నడుమ ఒకటి.

"కాలినకాడ ఇనుము గుంజుకుంటది కొడుకా. ఒక్కదిక్కే గుంజనియ్యద్దు. గంతే."

ఇంకా కొంచెం వంపు మిగిలింది. గ్యాసు మంటతో దూలాన్ని కింది పక్కన కుంకుమ బొట్టంత మేర ఎర్రగా కాల్చి, తడి గోనె అద్దాడు.

"వంచింది మంటనే. సాపు చేసేది గూడ మంటనే" అన్నాడు, మొగులమ్మ బెదురు చూసి.

పొద్దు వాలేసరికి జాకీ దించి, రాడ్డు తీసి, తలుపు వేశారు. టక్కున పడింది. ఆ చప్పుడుకు బిడ్డ ఏడవబోయి, నవ్వింది.

కూలి ఇవ్వబోతే ముసలాయన వద్దన్నాడు. కుప్పలోని తుప్పు ముక్క చూపించాడు.

"అది తీస్కపోనా బిడ్డా?"

తీస్కపో తాతా, అంది మొగులమ్మ. తాను అనుకున్నదే నిజమని, పాపం ఇంత పనిమంతుడికి ఇనుప ముక్కలు ఏరుకునే గతి ఏంటని జాలిపడింది. ఆయన దాన్ని తువ్వాల కొసన మూటగట్టుకొని బస్సెక్కాడు. పేరు అడగాలని ఇద్దరికీ తోచలేదు.

మర్నాడు త్రినాథరావు వచ్చేసరికి చిన్నరాములు కుడి దూలం మీది పాత అతుకు గీకడానికి గ్రైండర్ తగిలిస్తున్నాడు. ఆయన వంగి ఎడమ అతుకును వేళ్లతో తడిమాడు. కుడిదీ తడిమాడు. మళ్లీ ఎడమది.

"నర్సన్న ఎక్కడ దొరికాడు నీకు?"

ఏ నర్సన్న సార్, అన్నాడు చిన్నరాములు.

"మేమిక్కడికి వచ్చిన కొత్తలో, మా నాన్నగారు ఉన్నప్పుడు రెండు వైపులా అతికింది అతనే. ఇది కూడా అదే చెయ్యి. ఎంత వెతికినా ఆచూకీ దొరక్కే కదా నీ దగ్గరికి తెచ్చాను."

చిన్నరాములు వంగి కుడి అతుకును చూశాడు. ఈడో టాకా, ఆడో టాకా. తుప్పు దాని దరికి రాలేదు.

గ్రైండర్ వైరు పీకేశాడు.

"కుడిదిక్కుది గట్టిగున్నది సార్. నేను ముట్ట."

త్రినాథరావు తలుపు తీసి, వేసి, మళ్లీ తీసి వేసి, రేపు ఇంకో బండి వస్తుందని చెప్పాడు.

మొగులమ్మ బిడ్డను గుండెకు ఆనించుకొని, బస్సులు పోయే దారి వైపు చూస్తూ నిలబడిపోయింది. ఆ తాత తువ్వాల కొసన మూటగట్టుకుపోయింది, ఆయన ఎదుటే చిన్నరాములు వెక్కిరించి, ఆనక కోసి పారేసిన, ఆయన చేతి పనినే.