గుర్రపు వెంట్రుకలు

సైకాల్ పిక్క మీద నల్ల ఉన్ని, తెల్ల ఉన్ని. అరచేత్తో ఒక్కసారి నులిమిందంటే రెండూ పెనవేసుకుని తాడైపోతాయి.

ఆ ఇంట్లో ఆమెలా పేనగలిగినవాళ్ళు లేరు. అందుకే అత్తగారు ఆ పని ఆమెకే పురమాయించింది.

"రేపు తిలెక్‌గాడి కాళ్ళకి కట్టాలి. మరీ బిగించి పేనకు. ఒక్క కోతకి తెగాలి."

తిలెక్ తోడికోడలు బెగిమాయ్ కొడుకు. నడక వచ్చిన బిడ్డ రెండు కాళ్ళూ కలిపి తాడు కట్టి, ఊరి పిల్లలకి పరుగు పందెం పెట్టి, గెలిచినవాళ్ళ చేత కోయిస్తారు. ఒక్క కోతకి తెగితే ఆ బిడ్డ జన్మంతా తడబడకుండా నడుస్తాడు. తెగకపోతే ఏమవుతుందో ఆ కొండల్లో ఎవరూ పైకి అనరు.

పక్కనే కంబళి మీద సైకాల్ కూతురు అయ్‌పెరి పడుకుని ఉంది. తిలెక్ కన్నా పదకొండు రోజులు పెద్దది.

మూడు వారాల క్రితం బిష్కెక్ పట్నంలో డాక్టరమ్మ కాగితం మీద తలకాయ బొమ్మ వేసింది. దాని నుంచి కాళ్ళ దాకా ఒక గీత గీసి, మధ్యలో అడ్డంగా కొట్టేసింది.

"కాళ్ళు బాగానే ఉన్నాయమ్మా. మెదడు చెప్పే మాట వాటికి చేరడం లేదు."

"ఎప్పటికీ నడవదా?"

డాక్టరమ్మ కలానికి మూత పెట్టింది.

ఆ రోజు నుంచి సైకాల్ బిడ్డని ఎవరి చేతికీ ఇవ్వలేదు. కన్నతండ్రి ఎత్తుకోబోయినా వెనక్కి లాక్కుంది.

తిలెక్ మొదటిసారి లేచి నిలబడింది అయ్‌పెరి ఊయల కొయ్య పట్టుకునే. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. ఊయలలో ఉన్న పిచ్చిది కూడా కిలకిలా నవ్వింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంటూ సైకాల్ బయటికి పోయింది. పొయ్యి మీద పాలే లేవు.

అప్పటి నుంచి వాడి అడుగుల చప్పుడు వింటే చాలు, ఆమెకి కడుపు రగిలిపోయేది. పడితే బాగుండునని చూసేది. వాడు పడేవాడు. వెంటనే లేచేవాడు. ఆ లేవడమే ఆమె చూడలేకపోయేది.

బెగిమాయ్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అక్కా, ఈ ఏడాదికి వద్దని అత్తయ్యకి చెప్పనా?"

"ఎందుకు? నా మీద జాలా?"

"అది కాదక్కా..."

"నీ కొడుక్కి కాళ్ళొచ్చాయి, పండగ చేసుకో. మధ్యలో నన్నెందుకు అడగడం?"

బెగిమాయ్ వెళ్ళిపోయింది.

సైకాల్ అయ్‌పెరిని చంకనేసుకుని గుర్రాల కొట్టంలోకి నడిచింది. నల్ల గుర్రం తోక నుంచి పది పన్నెండు వెంట్రుకలు పీకింది. నల్ల ఉన్నిలో కలిపేస్తే కంటికి ఆనవు, కత్తికి లొంగవు.

ఈసారి బిగించి పేనింది.

మర్నాడు ఇంటి ముందు పచ్చికలో తివాచీలు పరిచారు. నూనెలో వేయించిన బొర్సోక్ పిండిముద్దలు పళ్ళేల నిండా కుప్పలు పోశారు. తిలెక్ కాళ్ళకి తాడు కట్టి, "మా పెద్దకోడలు పేనింది, చూడండి ఎంత నున్నగా ఉందో!" అని అత్తగారు నలుగురి ముందూ మురిసిపోయింది.

సైకాల్ బిడ్డనెత్తుకుని ముందు వరసలోనే నిలబడింది.

పిల్లలు వాగు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చారు. పొరుగింటి పిల్ల మీరిమ్ అందరికన్నా ముందొచ్చి కత్తి అందుకుంది. కోసింది.

తెగలేదు.

మళ్ళీ కోసింది. ఉన్ని తెగింది గానీ తాడు తెగలేదు.

"కత్తి నూరలేదేంటయ్యా?" అన్నారెవరో.

"పొద్దున్నేగా నూరాను!" అన్నాడు తిలెక్ తండ్రి.

నవ్వులు ఆగిపోయాయి. బెగిమాయ్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

సైకాల్‌కి ఒళ్ళంతా చల్లబడినట్టయింది. నిజం చెప్పాలంటే, హాయిగా ఉంది.

అంతలో తిలెక్ అడుగు వేయబోయి కూలబడ్డాడు. ఏడవలేదు. ఎంత తన్నుకున్నా కదలని తన కాళ్ళకేసి వింతగా చూసుకున్నాడు.

ఆ చూపు సైకాల్‌కి తెలుసు. రోజూ తన ఒళ్ళోనే చూస్తోంది.

ఎప్పుడు మోకాళ్ళ మీద కూర్చుందో ఆమెకే తెలియదు. అయ్‌పెరిని ఒక చేత్తో పొదువుకుని, వంగి, తాడుని పళ్ళతో పట్టి కొరికింది. పంటిచిగురు తెగి నోట్లో ఉప్పగా తగిలింది. ఇంకోసారి కొరికింది.

తెగింది.

"తెంపింది మా పెద్దకోడలు! ఇక వీడికి దాని నడకే వస్తుంది!" అని అరిచింది అత్తగారు. జనంలో మళ్ళీ సందడి మొదలైంది. ఎవరో మిఠాయిలు చల్లారు. తిలెక్ లేచి, తూలుకుంటూ ఏరుకోవడానికి పోయాడు.

బెగిమాయ్ కింద పడ్డ తాడు ముక్క తీసింది. వేళ్ళతో పురి విప్పింది. నల్లటి వెంట్రుకలు బిరుసుగా పైకి లేచాయి.

కాసేపు వాటిని చూసింది. తర్వాత సైకాల్‌ని చూసింది.

సైకాల్ తల దించుకోలేదు. తిట్టనీ, కొట్టనీ అనుకుంది.

బెగిమాయ్ తాడు ముక్కని ఉండచుట్టి జేబులో కుక్కుకుంది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"నీ చోట నేనైతే ఇనపతీగ కలిపి పేనేదాన్నక్కా."

తలగుడ్డ అంచుతో సైకాల్ పెదవి మీది రక్తం తుడిచింది. రెండు చేతులూ చాచింది.

"పిల్లనిటివ్వు. పోయి నోరు కడుక్కురా."

సైకాల్ అలాగే నిలబడింది.

తర్వాత అయ్‌పెరిని ఆమె చేతుల్లో పెట్టింది.