నైస్ అన్నారు

అధికారి గారు వెనక బెంచీలో, నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకునే సెలూన్ ఆయన పక్కన సర్దుకుని కూర్చున్నారు. నేను తుడిచిన బోర్డునే మళ్ళీ తుడిచాను.

సాయంత్రం తరగతులన్నీ ఆయన చేతికిందే. ఏడాదికోసారి వస్తారు, ఒక పాఠం వింటారు, వెళ్ళిపోతారు. ఆ తరగతి ఉంటుందో మూతపడుతుందో తర్వాత కబురొస్తుంది. కిందటేడు టైపింగ్ తరగతిలో కూడా ఇలాగే చిరునవ్వుతో కూర్చుని వెళ్ళారు. టైపింగ్ మాస్టారు ఇప్పుడు వాళ్ళ బావగారి చెప్పుల కొట్లో సైజులు వెతుకుతున్నారు. నాకు చెప్పుల కొట్టున్న బావ కూడా లేడు.

నా ఇంగ్లీషు తరగతి నిలబడాలంటే ఆయనకు నా పాండిత్యం రుచి చూపించాలనుకున్నాను. రోజూ నేను నేర్పేది టికెట్ అడగడం, డాక్టరుకు నొప్పి చెప్పుకోవడం. ఆ రోజు మాత్రం ‘నైస్’ అనే ఒక్క మాట తీసుకుని ఉతికి ఆరేశాను. అంతా ఇంగ్లీషులోనే. మధ్యలో తెలుగు ముక్క దొర్లితే నా పరువేం కాను?

‘నైస్’ అంటే ఒకప్పుడు మూర్ఖుడని అర్థమన్నాను. తర్వాత చాదస్తుడు, ఆ తర్వాత సున్నితం, పోనుపోను బాగుంది అయిందన్నాను. ఇప్పుడు అసలు అర్థమే లేదన్నాను. చెప్పడానికేమీ లేనివాళ్ళు అనే మాట అది. ఇక దయచేయండి అనడానికి పెద్దమనుషులు మర్యాదగా వాడే మాట. చదువుకున్నవాళ్ళు నోట పలకకూడదని బల్ల గుద్ది మరీ చెప్పాను. దానికి బదులుగా ప్లెజెంట్, డిలైట్‌ఫుల్, అగ్రియబుల్, ఛార్మింగ్ అంటూ బోర్డంతా నింపేసి, తలా ఒక వాక్యం చెప్పమన్నాను.

“యువర్ హెడ్ ఈజ్ డిలైట్‌ఫుల్” అన్నాడు సెలూన్ ఆయన, నా బట్టతల కేసి చూస్తూ.

“మై హస్బెండ్ ఈజ్ అగ్రియబుల్. ఓన్లీ సండే” అంది టైలరమ్మ.

అందరూ పగలబడి నవ్వారు. అధికారి గారు ఇటూ అటూ మొహాలు చూసి, అందరికంటే ఆఖర్న నవ్వారు. ఆచితూచి నవ్వే మనిషి అనుకున్నాను. ఒక వాక్యం ముగించి, అవునా కాదా అన్నట్టు ఆయన వైపు చూస్తే పైకప్పు కేసి చూపు తిప్పేశారు. ఎక్కడో వ్యాకరణం తప్పానని నాలుక కరుచుకున్నాను.

పాఠం అయిపోయింది. ఆయన లేచి వచ్చారు. నా చెయ్యి పట్టుకుని, కళ్ళలోకి చూశారు.

“నైస్” అన్నారు.

అంతే. వెళ్ళిపోయారు.

తరగతంతా నా వైపు తిరిగింది. సెలూన్ ఆయన చెయ్యెత్తాడు. “మాస్టారూ, ఇంతకీ మూర్ఖుడన్నట్టా, దయచేయమన్నట్టా?”

ఇంటికొచ్చి కూలబడ్డాను. మా ఆవిడ సంగతంతా విని, “బాగుందనే కదండీ అన్నాడు. దానికింత రాద్ధాంతమా?” అంది.

“నీకు తెలీదు. గంటసేపు ఆ మాటని చీల్చి చెండాడాను. ఆయన సరిగ్గా అదే ఏరి నా మొహాన కొట్టాడు. అదీ పెద్ద చదువంటే!”

“మొన్న నా వంట నైస్ అన్నారు మీరు.” మా ఆవిడ గొంతు మారింది. “మరి దానర్థమేంటో?”

కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను. డిలైట్‌ఫుల్ అన్నాను, ఛార్మింగ్ అన్నాను. ఆవిడ వినకుండా గిన్నెలు చప్పుడయ్యేలా సర్దుకుంటూ పోయింది.

మా అత్తగారు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నారు. “నిక్షేపంలాంటి మాటని మీరే పాడుచేసి, ఇప్పుడు మీరే ఏడిస్తే ఎలా బాబూ? రేపు వెళ్ళి ఆయన కాళ్ళో వేళ్ళో పట్టుకోండి” అన్నారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. నాకు భయమేసింది. ఈ వయసులో నాకింకెవరు ఉద్యోగమిస్తారు? ఇంగ్లీషు తప్ప చేతిలో ఏ విద్యా లేదు. ఆ ఉన్న విద్యతోనే కొరివితో తల గోక్కున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన ఆఫీసుకు వెళ్ళాను. దారి పొడుగునా బతిమాలే ముక్కలు ఇంగ్లీషులో వల్లె వేసుకున్నాను. అతి తెలివి అంత తొందరగా పోతుందా?

గదిలో ఆయనతో పాటు గుమాస్తా కూడా ఉన్నాడు. నేను చేతులు కట్టుకుని అందుకున్నాను. “సర్, విత్ రిఫరెన్స్ టు యువర్ కైండ్ రిమార్క్ ఎస్టర్‌డే, ఐ మోస్ట్ హంబ్లీ సబ్‌మిట్...”

ఆయన మొహం వాడిపోయింది. చెయ్యి పైకెత్తి నన్ను ఆపేశారు. గుమాస్తాను బయటికి వెళ్ళమని సైగ చేశారు. చెప్పుల కొట్టు కళ్ళముందు కదిలింది. ఆఖరి మాట నలుగురిలో అనకుండా ఏకాంతంలో చెప్పే మర్యాదైనా ఉంది మహానుభావుడికి అనుకున్నాను.

అధికారి గారు కుర్చీ నా దగ్గరికి లాక్కుని, గొంతు బాగా తగ్గించి, “మాస్టారూ, ఈ సంగతి మూడో మనిషికి తెలియకూడదు, నిన్న మీ పాఠం మొత్తంలో నాకు అర్థమైంది ‘నైస్’ అన్న ఆ ఒక్క ముక్కే, వచ్చే బ్యాచ్‌లో నన్ను కూడా చేర్చుకుంటారా?” అన్నారు.