పళ్ళు కొరికే మనిషి

"పళ్ళు గట్టిగా బిగించండి" అంది డాక్టరు.

అతను బిగించాడు. డాక్టరు రెండు చేతులూ అతని దవడల మీద ఆనించి, వేళ్ళతో నొక్కి చూసింది. తర్వాత నోరు తెరిపించి, చిన్న అద్దంతో పళ్ళన్నీ ఒక్కోటీ చూసింది. అతని భార్య గోడవారన కుర్చీలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, ఇదంతా వేరెవరికో జరుగుతున్నట్టు చూస్తూ కూర్చుంది.

ఎన్నాళ్ళనుంచి ఇలా అని డాక్టరు అడిగితే, అతను నాలుగు నెలలై ఉంటుందన్నాడు.

"నిద్రలో కొరికేవాణ్ణి, నాకేం తెలుస్తుందండీ. పాపం ఈవిడకే నిద్ర లేకుండా పోతోంది."

ఆ మాట నిజమే. రోజూ ఆ చప్పుడుకే ఆమెకు మెలకువ వచ్చేది. గచ్చు మీద రాయి ఈడ్చినట్టు కరకరమని వినిపించేది. కళ్ళు తెరిచేసరికి ఆగిపోయేది. పక్కన అతను లేచి కూర్చుని దవడ రుద్దుకుంటూ కనిపించేవాడు. మొదటిసారి ఏమిటా చప్పుడని అడిగితే, కాసేపు ఆమె మొహంలోకే చూసి, నేనే, పళ్ళు కొరుకుతున్నాను అన్నాడు. కుట్టుమిషన్లు బాగుచేయడం అతని పని. పగలంతా వాటి రొద విని విని చివరికి నోట్లోనూ ఒకటి బిగించుకున్నానన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. రాలేదే అన్న బాధ కూడా కలగలేదు.

అంతకు ముందు రెండు నెలలనుంచే ఆమెకు ఏదీ కలగడం లేదు. ఆమె అంబులెన్సు కంట్రోలు రూములో ఫోన్లు ఎత్తేది. ఒక మధ్యాహ్నం ఫోన్‌లో ఎవరో చెప్పిన వీధికి బండి పంపింది. అదే పేరుతో ఊళ్ళో ఇంకో వీధి ఉంది. బండి వెనక్కి తిరిగి అసలు ఇంటికి చేరేసరికి పదకొండు నిమిషాలు ఆలస్యమైంది. అక్కడ ఒకామె పోయింది. విచారణలో రికార్డింగు విని, ఫోన్ చేసినవాళ్ళే పేట పేరు తప్పు చెప్పారని తేల్చారు. నీ తప్పేం లేదన్నారు. సెలవిచ్చారు. ఆ తర్వాత కనిపించిన ప్రతివాళ్ళూ ఆమెను ఎగాదిగా చూసేవాళ్ళే. తింటున్నావా అనేవాళ్ళు, నిద్రపోతున్నావా అనేవాళ్ళు. ఆఫీసువాళ్ళు చెవి పరీక్ష చేయించారు, తర్వాత కళ్ళు, ఆ తర్వాత మనసు. ఆడపడుచు అయితే ఫోన్లో పలకరించినప్పుడల్లా, వదినా, నీ గొంతు అదోలా ఉందేమిటి అనేది.

చివరికొకరోజు మొగుడితో అంది. "నాకేదో అయిందని ఇంకొక్కళ్ళు అన్నారంటే, నేనిక ఆ ఫోన్ల ముందు కుర్చీలో మళ్ళీ కూర్చోలేనండీ."

అతను సరేనన్నాడు. ఆ వారంలోనే ఆమెకు ఆ చప్పుడు వినిపించడం మొదలైంది. దానికి మందుందట, కనుక్కుంటానని నిన్న అతనొక్కడే ఈ క్లినిక్కుకు వచ్చి, టైము తీసుకుని వెళ్ళాడు.

దవడ కండరంలో బొటాక్స్ ఇస్తానని చెప్పింది డాక్టరు. అది నిజానికి విషమే, కానీ చాలా తక్కువ మోతాదులో ఇస్తే కండరం పట్టు సడలుతుంది. గుణం తెలియడానికి వారం, రెండు వారాలు పడుతుంది. మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది. అతని బుగ్గల మీద పెన్నుతో చుక్కలు పెట్టి, అటు మూడు, ఇటు మూడు పోట్లు పొడిచింది. అతను పెద్దగా మూలిగాడు.

తర్వాత డాక్టరు ఆమె వైపు తిరిగింది. నిద్ర సరిగా లేనివాళ్ళకు తలనొప్పి వస్తుంటుంది, మీకుందా అని అడిగింది. పొద్దున్నే కణతలు బరువుగా ఉంటాయని, నోరు తెరవాలంటే మధ్యాహ్నం దాకా బిగిసినట్టుంటుందని ఆమె చెప్పింది. డాక్టరు ఆమె దవడ నొక్కింది. ప్రాణం పోయినంత నొప్పి వేసింది.

"రాయిలా ఉందమ్మా. మీకూ ఇదే ఇంజెక్షను వేస్తే ఈ నొప్పి తగ్గుతుంది. వేయమంటారా?"

"వేయించుకో, నాకు తోడుగా ఉంటుంది" అన్నాడు అతను బుగ్గలు పట్టుకుని.

వేయించుకుంది.

పది రోజులకు ఆమెకు నమలడం కష్టమైంది. తనకూ అంతేనన్నాడు అతను. ఇద్దరూ మెత్తగా ఉడికినవి తిన్నారు. అతను ఆమెకన్నా నెమ్మదిగా తినేవాడు. మూడో వారంలో చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. కిటికీలోంచి ఎండ మంచం మీదికి వచ్చేదాకా ఆమె నిద్రపోయింది. ఆ మర్నాడూ అంతే.

ఒక పగలు గిన్నెలు తోముతుంటే చేతులు వాటంతటవే ఆగిపోయాయి. ఆ పోయినామె వయసెంతో కూడా నేను అడగలేదండీ అంటూ నిలబడ్డచోటే ఏడ్చింది. అతను లేచి వచ్చాడు. ఆమె చేతిలోని పీచు తీసుకుని, ఆమె ఏడ్చినంతసేపూ మిగిలిన గిన్నెలు తోమాడు. ఆ నెలాఖరుకు ఆమె ఉద్యోగంలో చేరింది. మొదటి ఫోన్ ఎత్తి, వీధి పేరు రెండుసార్లు చెప్పించుకుంది. ఎవరు పలకరించినా, మావారి పళ్ళ జబ్బు నయమైంది, నాకు హాయిగా నిద్ర పడుతోందని చెప్పేది.

నాలుగో నెల దాటాక చప్పుడు సన్నగా మళ్ళీ మొదలైంది. ఈసారి క్లినిక్కుకు ఆమే ఫోన్ చేసి, మావారికి మందు అయిపోయినట్టుందని టైము తీసుకుంది.

వాళ్ళు వెళ్ళేసరికి డాక్టరు ఇంకా రాలేదు. అతను కింద బండి పెడుతున్నాడు. కొత్తగా చేరిన నర్సు ఇద్దరి కార్డులూ ముందేసుకుని ట్రేలో సిరంజీలు సర్దుతోంది. ఈమెను చూసి తలెత్తి అడిగింది.

"మీవారికి పోయినసారిలాగే మందు కలపని ఉత్త సెలైనేగా అండీ?"