ప్రతిజ్ఞలో ఆఖరి వాక్యం

"సారూ, మా వోనికి ఆ ఆఖరి ముక్క వద్దు. తల్లిదండ్రులను గౌరవిస్త అనే ముక్క ఇయ్యున్రి. దండం పెడత."

తరగతి గది గుమ్మంలోనే నిలబడి అడిగింది రాజీ. కురవి పక్క తండా నుంచి మానుకోట డిగ్రీ కాలేజీకి ఆటోలో వస్తున్నంతసేపూ ఆమె ఈ మాటలే వల్లె వేసుకుంది. పంద్రాగస్టు నాడు కాలేజీ సభలో ప్రతిజ్ఞ అర్థం మీద చర్చ. వాక్యానికొకరు లేచి, తమ బతుకులో దానికి అర్థమేమిటో చెప్పాలి. కృపాకర్ సార్ పిల్లలను తయారు చేస్తున్నాడు. దేశానికి సేవ చేస్తానని, ప్రజల మేలే తన ఆనందమని చెప్పే చివరి ముక్క ఆమె కొడుకు దినేశ్‌కు పడింది.

"మాట్లాడేదే గదమ్మా. దానికేమైతది?" నవ్వాడు సార్.

"మాటతోనే మొదలైతది సారూ. వాడు పొద్దు పొడవకముందే గ్రౌండ్ల ఉరుకుతుండు. ఉత్తగనే ఉరుకుతరా ఎవలన్న? మిలిటరీకే. సదువు చెప్తరని మీ చేతుల పెట్టిన. మీరే తోలేటట్టున్నరు. రేపు జెండ కప్పి తెస్తే గిట్లనే నవ్వుతరా?"

సార్ నవ్వు ఆగిపోయింది.

"నేను ఊకోలే సారూ. కావలి పెట్టిన. మా పెద్దబిడ్డ ఉమను రోజు వాని ఎంబడే తోలుతున్న."

"కావలోళ్లు గూడ ఉరకాలె మరి," వెనక బెంచీ నుంచి దినేశ్ దోస్తు ప్రేమ్‌సింగ్ అన్నాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. తల్లి పక్కన నిలబడ్డ ఉమ కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

"ముందు వాడేం చెప్తడో వినమ్మా. నచ్చకుంటే మారుస్త."

"యాడీ, జర కూసో," అంటూ ఉమ తల్లిని ఆఖరి బెంచీకి నడిపించింది.

దినేశ్ లేచాడు. తల్లి వైపు చూడలేదు. దాంతో రాజీ అనుమానం గట్టిపడింది. కడుపున పుట్టినవాడు తన దగ్గర దాచి, ఇంకెంతమందికి చెప్పుకున్నాడో. ఈ గదిలో అందరికీ తెలిసే ఉంటుంది. తెలియనిది తనొక్కతికే.

"సేవ అంటే తుపాకి పట్టుడొక్కటే కాదు సార్. పత్తి చేన్ల పని జేసుడు, తండల పిల్లలకు సదువు చెప్పుడు గూడ సేవనే. నేను మా యాడిని ఇడిసిపెట్టి పోను. గిదే నా అర్థం."

రాజీకి కళ్లు మసకబారాయి. ఇన్నాళ్లూ వీణ్ణా తాను అనుమానించింది? ఉమ చేయి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వు చెప్తనే ఉన్నవు బిడ్డా, వాడు పోడని. నేనే నమ్మలే. నీతోని మాత్రం నాకు ఎన్నడు ఏ రంది లేదు."

ఉమ చేయి చల్లగా ఉంది.

"మంచిగ చెప్పినవు," అన్నాడు సార్. "కానీ సభల ఎవలో ఒకలు అడుగుతరు. ఎత్తున్నది, ఉరుకుడున్నది, నువ్వెందుకు మిలిటరీకి పోవని. జవాబు తయారు పెట్టుకో."

దినేశ్ అప్పుడు మొదటిసారి తల్లి వైపు చూశాడు.

"ఇద్దరం పోతే యాడి దగ్గర ఎవలుంటరు సార్? అక్కను వచ్చే నెలనే ట్రైనింగుకు రమ్మన్నరు గద."