నంబరు వేయని గుర్తు

1999లో హైటెక్ సిటీలోని ఓ చిన్న ఆఫీసుకు విదేశీ మ్యూజియం నుంచి రెండున్నర వేల ఏళ్ల నాటి మట్టి ఇటుకల ఫోటోలు వచ్చాయి. వాటి మీద మేకుల్లా ఉన్న అక్షరాలను కంప్యూటర్‌లో గీసి, ఒక్కోదానికీ ఒక నంబరు ఇవ్వాలి. ట్రైనీ సుగుణ ఒకదాన్ని వదిలేసింది.

ఆ రోజుతో ఆమె ట్రైనింగ్ పూర్తవుతుంది. ఉద్యోగం నిలిచేదీ పోయేదీ మేనేజర్ చలపతిరావు సంతకం మీద ఉంది.

“మ్యూజియం జాబితాలో ఉన్నదాన్ని ఎందుకు వదిలేశావమ్మా?” అన్నాడాయన.

“అది అక్షరం కాదు సార్. పచ్చి ఇటుక మీద కోడి నడిచింది.”

“నీకెవరు చెప్పారు?”

“ఎవరు చెప్పాలె సార్? మా నాయనది ఇటుక బట్టీ. ఆరబెట్టిన ఇటుకల మీదికెల్లి కోళ్లను అదిలించుడే చిన్నప్పుడు నా పని.”

చలపతిరావు సంతకం ఆపి, ఆ సంగతే మ్యూజియానికి ఈమెయిల్ పంపాడు. మూడో రోజు జవాబు వచ్చింది. గోదాములో పక్క ఇటుక తీసి చూశారట. కోడి దాని మీద కూడా నడిచింది. అయితే తమ ప్రొఫెసర్ ముప్పై ఏళ్లుగా ఆ గుర్తును ఓ రాజు పేరుగా చదువుతున్నారనీ, వచ్చే నెల ఆయన సన్మానం అయ్యేదాకా ఈ మాట బయటికి రానివ్వొద్దనీ కోరారు.

చలపతిరావు నవ్వుతూ సుగుణ ఉద్యోగపు కాగితం మీద సంతకం పెట్టాడు.

“జర ఆగుండ్రి సార్,” అందామె. “ఆ రాజుగారు ఇంకో రెండు ఫోటోలల్ల గూడ ఉన్నడు.”

“సన్మానం అయ్యేదాకా ఏలుకోనీయమ్మా.”